గంగోత్రి కాలనీ జలదీక్ష

‘బడుగుల పెన్నిధి, ప్రజల పాలిటి కల్పవృక్షం, మన ప్రియతమ మంత్రివర్యులు ఆదివారం ఉదయం గంగోత్రి కాలనీకి విచ్చేసి, మంచినీళ్ళ ట్యాంకుకు శంకుస్థాపన గావించి, వెనువెంటనే వెళ్ళిపోయెదరు. కావున యావన్మంది ప్రజలు తరలివచ్చి ఈ మహత్తర ఘట్టాన్ని కనులారా తిలకించ ప్రార్థన’ అని జీపుకు కట్టిన మైకు కర్మన్‌ఘాట్ నుంచి మన్సూరాబాద్ దాకా ఊదరగొట్టింది. ఈ ప్రకటనలో ఒక్క ముక్క తప్ప అన్నీ జరిగాయి. జరగని ముక్క, వెనువెంటనే వెళ్ళిపోవడం. దాని పుణ్యాన మన చరిత్రకు ఒక అధ్యాయం, మన సంస్కృతికి ఒక పండగ కలిసొచ్చాయి.

ఆ కాలనీలో విశ్వేశ్వరరావు మాస్టారు అని ఒకాయన ఉన్నారు. తెనాలి వైపు హైస్కూళ్ళలో ముప్పయ్యేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాటాకొచ్చిన పొలం అమ్మి ఇక్కడ ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. ప్లాట్లు అమ్మిన కాగితం మీద కొండల్లోంచి దూకే జలపాతం బొమ్మ ఉంది. దాని కింద ‘దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరం’ అని ఉంది. దిల్‌సుఖ్‌నగర్లో బస్సు దిగి నడిచొచ్చినవాడికి కూత వేసే ఓపిక మిగలదని మాస్టారికి గృహప్రవేశం నాడు తెలిసింది. జలపాతం బొమ్మ వరకే అన్న సంగతి ఆ మర్నాడు తెలిసింది. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. అందరూ కలిసి అర్జీలు పెడితే ఇంజనీరు శ్రీరామమూర్తి గారు పెద్దమనసుతో అన్నిటికీ ఒకటే జవాబిచ్చారు. మీ కాలనీ ఎత్తు, మా నీళ్ళు పల్లం, లెవెలు కుదరదు.

మాస్టారి భార్య సీతామహాలక్ష్మి కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడికొచ్చాక రోజూ తెల్లారగానే రెండు బిందెలు పుచ్చుకుని కాలనీ పక్కనున్న పాత ఊళ్ళో ఐలమ్మ బావికి పోతుంది. నడుం పట్టేసింది. బిందె చంకనెత్తుకునేటప్పుడు ‘అమ్మా’ అంటుంది. ఆ మాట వినబడితే మాస్టారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఇంత వయసొచ్చాక ఈవిడ చేత నీళ్ళు మోయిస్తున్నానే అని ఆయనకు లోపల ఏడుపు. ఆయన మోద్దామంటే హెర్నియా, డాక్టరు వద్దన్నాడు.

ఇక జనార్ధన్. గంగోత్రి కాలనీ ఒకప్పుడు వాళ్ళ తాతల జొన్న చేను. దాన్ని ప్లాట్లు చేసి అమ్మేశాక చేతిలో పనిలేక ప్రజాసేవలోకి దిగాడు. కొత్తగా మునిసిపాలిటీ రాబోతోందని, దానికో ఛైర్మన్ కావాలని, ఆ ఛైర్మన్ తనలాగే ఉంటాడని అతనికి నమ్మకం. అందుకే మంత్రిగారిని తెచ్చాడు. మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. కాలనీకి వచ్చే పంతులుగారు పల్లకీ దిగకుండా తిరుగుతున్నాడు. దొరకలేదు. పాత ఊళ్ళో పోచమ్మకూ ఎల్లమ్మకూ కొలువులు చేసే కొమరయ్యను పిలిచి, కాలనీ నడిమధ్యన రాయి పాతాలె, మంత్రి ఒస్తుండు, పద్ధతి ప్రకారం చెయ్యి, ఏదీ తక్కువ గావద్దు అని పురమాయించి, చైతన్యపురిలో బ్యానర్లు కట్టించడానికి పోయాడు.

ఇందులో కొమరయ్య తప్పేమీ లేదు. ఊరి నడుమ పాతే రాయి అంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, బొడ్రాయి. ఊరికి బొడ్డు లాంటిది. అది లేనిది ఊరు ఊరే కాదు. ఇన్నేళ్ళూ ఈ కాలనీ బొడ్రాయి లేకుండా ఎట్ల బతుకుతుందా అని ఆయనకు జాలిగా ఉండేది. నీళ్ళు పడకపోవడానికి కారణం అదేనని నలుగురితో అన్నాడు కూడా. ఇన్నాళ్ళకు పెద్దలకు బుద్ధి పుట్టిందని సంతోషించాడు. ఏదీ తక్కువ కావద్దన్నారు కాబట్టి ఏదీ తక్కువ చేయలేదు.

బొడ్రాయి పాతిన రోజు ఊరు కడతారు. నాలుగు దిక్కులా వేపమండల తోరణాలు కట్టి, హద్దు చుట్టూ పొలి అన్నం చల్లి, ఊరిని మూసేస్తారు. ఇక పొద్దుగూకి దీపం పెట్టేదాకా లోపలి మనిషి బయటికి పోరాదు, బయటిది ఏదీ లోపలికి రారాదు. ఇది తాతల నాటి కట్టడి.

మంత్రిగారు వచ్చారు. శిలాఫలకం మీద తన పేరు కనబడకుండా కొమరయ్య పసుపు దట్టంగా పూసినందుకు కొంచెం నొచ్చుకున్నారు కానీ, జమిడిక మోగుతుంటే జానపద కళలకు తమ ప్రభుత్వం పెద్దపీట వేస్తుందని ప్రసంగించి సర్దుకున్నారు. తాపీతో సిమెంటు వేశారు. చప్పట్లు పడ్డాయి. కారెక్కారు. కారు కాలనీ మొగన వేపతోరణం దగ్గర ఆగిపోయింది. తోరణం అవతల పాత ఊరి మగవాళ్ళు కర్రలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యన బందోబస్తుకు వచ్చిన ఎస్సైగారు బూట్లు విప్పి చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆయనదీ పక్క ఊరే.

“ఎవరయ్యా దారి మూసింది?” అన్నారు మంత్రిగారు.

“ఊరు కట్టినం సారు,” అన్నాడు కొమరయ్య వినయంగా. “పొద్దుగూకేదాంక ఎవ్వలు దాటొద్దు. రాయి పాతిన చెయ్యి అసలే దాటొద్దు.”

“దాటితే ఏమవుతుంది?”

“ఏం గాదు సారు. ఉన్నది పోతది.”

“ఉన్నదంటే?”

“ఎవలకు ఏముంటే గది. రైతుకు ఎడ్లు, షావుకారికి దుకాణం,” అని కొమరయ్య అక్కడికి ఆపేశాడు. పెద్దవాళ్ళ విషయాలు ఆయన మాట్లాడడు.

గురువారం నాడు మంత్రివర్గంలో మార్పులని వారం నుంచీ పేపర్లు రాస్తున్నాయి. మంత్రిగారు మెల్లగా కారు దిగారు. ప్రజల విశ్వాసాలను గౌరవించడం తమ పార్టీ మూలసిద్ధాంతమని చెప్పి, వెనక్కి నడిచి, షామియానా కింద కుర్చీలో కూర్చున్నారు. ఇదంతా ఏమిటని పీయే గుడ్లురిమితే జనార్ధన్ ఇంకో షామియానా వేయిస్తానన్నాడు.

కూర్చోవడంలో ఇబ్బంది ఏమీ లేదు, మంత్రులకు అలవాటే. ఇబ్బంది వేరేచోట వచ్చింది. దారిలో ముగ్గురు కార్యకర్తల మనసు నొప్పించలేక మంత్రిగారు మూడిళ్ళలో టిఫిన్ చేసి ఉన్నారు. ఎండ ఎక్కేసరికి ఆ మూడు టిఫిన్లకూ ఒకదానితో ఒకదానికి పడలేదు. పీయే పరుగున వచ్చి ఇక్కడ మంచి బాత్రూం ఎవరింట్లో ఉందని అడిగాడు. కాలనీ అంతా మాస్టారి ఇల్లు చూపించింది. తెల్ల టైల్స్ వేయించి కట్టించారు. నీళ్ళు లేక దాన్ని అంత తెల్లగా ఉంచుకోగలిగారు.

మొదటి విడతకు వంటబిందె ఖర్చయింది. రెండో విడతకు దేవుడి బిందె. సీతామహాలక్ష్మి రెండూ ఇచ్చేసింది. తరవాత పక్కింటి డ్రమ్ము, ఎదురింటి తొట్టి. మంత్రిగారి వెంట వచ్చిన పరివారం కూడా టిఫిన్లు చేసే వచ్చింది. మధ్యాహ్నానికల్లా గంగోత్రి కాలనీలో చెంబెడు నీళ్ళు లేవు. ఐలమ్మ బావి హద్దుకు అవతల ఉంది. మంత్రిగారు కుర్చీలో కదలకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, దూరంగా ఎటో చూస్తూ కూర్చున్నారు. భోజనం తెస్తే చేత్తో వద్దన్నారు. ఎవరేమడిగినా ఒక్క మాటే అంటున్నారు. “నీళ్ళు.”

కబురు విని శ్రీరామమూర్తి గారు టాంకరు తీసుకుని ఎగిరొచ్చారు. టాంకరు తోరణం దగ్గర ఆగింది. బయటిది లోపలికి రారాదు. పోనీ బకెట్లతో అందిస్తామన్నారు. చెయ్యి దాటితే మనిషి దాటినట్టే అన్నాడు కొమరయ్య. రబ్బరు గొట్టం వేస్తామన్నారు. గొట్టమైనా హద్దు మీంచి పోవాల్సిందే కదా అన్నాడు. ఇటు కొమరయ్య, అటు గొడుగు కింద శ్రీరామమూర్తి గారు, మధ్యన వేపమండలు. ఎస్సైగారు కొమరయ్య వైపే ఉన్నాడు. లోపలినుంచి పీయే వచ్చి, సారు ఆగలేకపోతున్నారు, మిమ్మల్ని అరకుకు బదిలీ చేయమంటున్నారు అని ఇంజనీరుగారికి చెప్పి వెళ్ళాడు.

అప్పుడు శ్రీరామమూర్తి గారి బుర్ర వెలిగింది. భూమి లోపలినుంచి వస్తే తప్పా అని అడిగారు.

కొమరయ్య తువ్వాల భుజం మార్చుకున్నాడు. “భూమిలకెల్లి ఒచ్చేది గంగమ్మ. ఆమెకు హద్దేంది?” అన్నాడు.

ఆ తరవాత జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్లో ఏదో వీధికి వేయడానికి తెచ్చి పెట్టిన పైపులు లారీల్లో వచ్చాయి. గునపాలు వచ్చాయి. విజయవాడ రోడ్డు మీది పెద్ద పైపు దగ్గర్నుంచి కాలనీ దాకా కందకం తవ్వుకుంటూ వచ్చారు. లోపలివాళ్ళు లోపల తవ్వారు. పైపు వేపతోరణం కింద భూమిలోంచి, ఎవరి విశ్వాసాన్నీ గాయపరచకుండా, కాలనీలోకి ప్రవేశించింది. అన్నేళ్ళు కుదరని లెవెలు ఆ మధ్యాహ్నం తనంతట తనే కుదురుకుంది. పైపు చివర మాస్టారింటి కుళాయికి కలిపారు.

గంగోత్రి కాలనీకి వచ్చిన మొట్టమొదటి సర్కారు నీళ్ళు ఎందుకు వాడారో రాయడం మర్యాద కాదు. మంత్రిగారు బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ప్రశాంతత తపస్సు చేసినవాళ్ళకు కూడా అరుదు అని మాత్రం చెప్పాలి. ఆ వెంటనే జనం బిందెలతో మాస్టారి పెరట్లోకి విరుచుకుపడ్డారు. పిల్లలు తడిశారు. సీతామహాలక్ష్మి కుళాయి కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. చల్లగా ఉన్నాయండీ, మా ఊరి కాలవ నీళ్ళలా ఉన్నాయండీ అంది. మాస్టారు ఇంటి వెనక్కి పోయి ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నారు. తన జీవితంలో అంత సంతోషం ఆయనకు గుర్తులేదు.

పొద్దుగూకింది. కొమరయ్య బొడ్రాయి ముందు దీపం పెట్టి తోరణం విప్పాడు. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

తెల్లారేసరికి పైపులవాళ్ళు వచ్చి కందకం మళ్ళీ తవ్వుతున్నారు. ఇవి దిల్‌సుఖ్‌నగర్ పైపులండీ, అక్కడికి శాంక్షనైనవి, నిన్న మంత్రిగారి అవసరం కొద్దీ వాడుకున్నాం అన్నారు. ఒక్కొక్కటే పీకి, కడిగి, లెక్క చూసుకుని లారీకెక్కించారు. కందకం మాత్రం శాంక్షన్ అక్కర్లేనిది కాబట్టి వదిలేశారు. సీతామహాలక్ష్మి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వచ్చే ఏడు ఉగాది దాకా చూస్తానండీ, తరవాత రేపల్లె మా తమ్ముడింటికి పోతాను, మీరు రాదలిస్తే రండి అంది. ఆవిడ ఏదీ రెండోసారి చెప్పే మనిషి కాదు.

అదే పొద్దున పేపరు వచ్చింది. తోరణం బయట నిలబడ్డ విలేకరి ఒకతను చూసింది చూసినట్టే, విన్నది విన్నట్టే రాశాడు. మంత్రి కాలనీ విడిచి కదలలేదు, అన్నం ముట్టలేదు, నీళ్ళు అన్న మాట తప్ప వేరే మాట పలకలేదు, పైపులైను వచ్చాకే లేచారు. కారణం ఒక్కటే తెలియక తన సొంతది వేసుకున్నాడు. ‘నీళ్ళొస్తేనే కదులుతా: కాలనీ నడిబొడ్డున మంత్రి జలదీక్ష’ అని పైన పెద్దక్షరాలు. తాను చేసినది ఇంత గొప్పదని మంత్రిగారికి కూడా ఆ పేపరు చదివాకే తెలిసింది. చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని పీయే చెప్పాడు. గురువారం మార్పుల్లో ఆయన పదవి పోలేదు సరికదా, సంస్కృతి శాఖ కూడా అదనంగా వచ్చి చేరింది.

ఇక సంస్కృతి ఆగలేదు. జలదీక్ష మీద బుర్రకథ కట్టారు. బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టారు. ఒక ప్రొఫెసర్ గారు భగీరథుడికీ మంత్రిగారికీ తేడా కేవలం గడ్డమే అని సభలో నిరూపించారు. కరెంటు మంత్రి ఒకాయన పోటీ పడి చీకట్లో దీక్షకు కూర్చున్నాడు కానీ ఫోటో రాలేదు. కాలనీ మొగన జలదీక్షా తోరణం అని సిమెంటు కమాను లేచింది. కందకం పూడ్చుకుందామని కాలనీవాళ్ళు పారలు తెస్తే, అది చారిత్రక స్థలమని జనార్ధన్ చుట్టూ ఇనుప కంచె వేయించాడు. స్కూటర్లు దాటడానికి ఒక చెక్క వేశారు. పాత ఊరివాళ్ళు బొడ్రాయికి నీళ్ళారబోయడానికి పోతే టిక్కెట్టు కొనమన్నారు.

సీతామహాలక్ష్మి కమాను కిందనుంచి వెళ్ళి, చెక్క దాటి, ఐలమ్మ బావి దగ్గర బిందెలు నింపుకుని వస్తూనే ఉంది.

ఏడాది తిరిగింది. మాస్టారు ఇంజనీరు ఆఫీసుకు తిరిగిన చెప్పులు రెండు జతలు అరిగాయి. శ్రీరామమూర్తి గారు మంచి మనిషి. కాలనీ పైపుల ఎస్టిమేటు తయారుగా ఉందని, మంత్రిగారి సంతకం ఒక్కటే తరువాయని, మంచి సమయం చూసి ముందు పెడతానని అన్నారు. ఆ మంచి సమయం జలదీక్ష ప్రథమ వార్షికోత్సవంగా వచ్చింది. జనార్ధన్ మాస్టారింటికి వచ్చి, ప్రత్యక్ష సాక్షిగా మీరు మాట్లాడాలె సారూ అన్నాడు.

“నేను ముప్పయ్యేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. జరగనిది జరిగిందని చెప్పలేను,” అన్నారు మాస్టారు.

“జరిగింది జరిగినట్టు చెప్పేటోల్లు మస్తుగున్నరు సారూ. వాల్లతోని ఒక్క బిందె నిండిందా?” అన్నాడు జనార్ధన్. “జర పది నిమిషాలు మాట్లాడుండ్రి. మంత్రిగారు ఖుషీ మీదుంటడు. ఇంజనీరు సారు స్టేజీ మీదనే కాగితం ముంగట వెడ్తడు. అయిపాయె.”

పెరట్లో సీతామహాలక్ష్మి బిందె ఎత్తుకుంటూ ‘అమ్మా’ అంది. మాస్టారి దగ్గర ఆ పూట పేపరు లేదు. సరే అన్నారు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. మన్సూరాబాద్ దాకా కరెంటు స్తంభాలకు మైకులు కట్టారు. మాస్టారు రాత్రంతా ఆలోచించి ఒక్క అబద్ధం కూడా లేకుండా ఉపన్యాసం తయారు చేసుకున్నారు. అది ఆయన పట్టుదల. ఆ రోజు మంత్రిగారు పొద్దుగూకేదాకా ఈ కాలనీ విడిచి పోలేదన్నారు. నిజమే. అన్నం పెడితే ముట్టలేదన్నారు. నిజమే. ఆయన నోట నీళ్ళు అన్న మాట తప్ప మరొకటి రాలేదన్నారు. అక్షరాలా నిజం. ఒక్కో వాక్యానికీ చప్పట్లు మోగుతున్నాయి. ముప్పయ్యేళ్ళు క్లాసులో అల్లరి తప్ప చప్పట్లు ఎరగని మనిషి. చరిత్ర చెబితే ఇలా కూడా వింటారా అని ఆయనకు ఒళ్ళు పులకరించింది. మంత్రిగారు రుమాలు తీశారు. మాస్టారి గొంతు లేచింది. కాగితంలో లేని ఒక్క వాక్యం, ముగింపుగా బావుంటుందని, దానంతటదే నోటికి వచ్చేసింది.

“ఆనాడు మొదలైన ఆ జలధార ఈనాటికీ ఈ కాలనీలో ఆగలేదు.”

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మంత్రిగారు మాస్టారిని కౌగిలించుకున్నారు. దండ తీసి ఆయన మెడలో వేశారు. మాస్టారు ఆ దండలోంచి శ్రీరామమూర్తి గారి కోసం చూశారు. ఆయన బ్యాగులోంచి సగం తీసిన కాగితాన్ని మళ్ళీ లోపలికి తోసి జిప్పు లాగుతున్నారు.

మరో గంట ఉపన్యాసాలు సాగి సభ అయ్యాక మాస్టారు స్టేజీ వెనక ఆయన్ని పట్టుకున్నారు.

“ఇంకేం పెట్టమంటారు మాస్టారూ?” అన్నారు శ్రీరామమూర్తి గారు నిజంగా బాధపడుతూ. “నీళ్ళున్న కాలనీకి మళ్ళీ పైపులంటే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? మంత్రిగారు చెవులారా విన్నారు. సాక్షి మీరే. అయినా ఎంత బాగా మాట్లాడారండీ, నాకే కళ్ళు చెమర్చాయి.”

మాస్టారు మెడలో దండ తీయడం మరిచిపోయి ఇంటికి నడిచారు. కమాను కింద తలదించుకున్నారు. ఉగాది దగ్గర్లోనే ఉంది.

ఇంటి గేటు ముందు జనం కనిపించారు. అందరూ ఆడవాళ్ళు, ఈ కాలనీ వాళ్ళు కారు. మన్సూరాబాద్ అవతల కొత్తగా లేచిన ప్లాట్ల వాళ్ళు. చంకల్లో బిందెలు, చేతుల్లో బకెట్లు, ఒకామెకు నెత్తి మీద డేగిసా. ఎండలో అంత దూరం నడిచి ముఖాలు కమిలిపోయి ఉన్నాయి. ఇంటి మెట్ల మీద సీతామహాలక్ష్మి నిలబడి వాళ్ళను చూస్తోంది.

డేగిసా ఆమె మాస్టారి మెడలో దండ చూసి ముందుకు వచ్చింది.

“మైకుల మాట్లాడింది మీరే గద సారూ. మీ కాలనీల నీల్లు ఆగుతనే లేవంట. జర మాకు తలా ఒక బిందె పట్టనియ్యుండ్రి, దండం పెడ్తం.”

మాస్టారు ఆమెను చూశారు. వెనకాల ఉన్నవాళ్ళను చూశారు. మెట్ల మీది భార్యను చూడలేకపోయారు.

“లైన్లో నిలబడండమ్మా,” అన్నారు.

వాళ్ళు తోసుకోకుండా, గొడవ లేకుండా, గేటు నుంచి కుళాయి దాకా లైను కట్టారు. సీతామహాలక్ష్మి లోపలికి వెళ్ళి, తన రెండు బిందెలూ పట్టుకొచ్చి, ఆ లైన్లో చివర నిలబడింది.